ఎండక్క కొలిచిన షెడ్డు

కాలుష్య నియంత్రణ ఆఫీసులో ఆవిణ్ణి అందరూ ఎండక్క అంటారు. ఎవరు ఏ రిపోర్టు పట్టుకొచ్చినా “మధ్యాహ్నం సంగతేంటి?” అన్నదే ఆవిడ మొదటి ప్రశ్న. అది విని విని కుర్రాళ్ళు పెట్టిన పేరది. పొద్దు వాలితే ఎండక్కకు పనుండదని వేళాకోళం చేస్తుంటారు. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది గానీ ప్రశ్న మాత్రం మానదు.

ఓజోన్ ఏ పొగగొట్టంలోంచీ తిన్నగా రాదు. బళ్ళ పొగా, పెట్రోలు, రంగుల్లో కలిపే థిన్నర్ లాంటివాటి ఆవిరీ కలిసి ఎండకు ఉడికితే పుడుతుంది. ఎండ పోయాక ఆ బళ్ళ పొగే దాన్ని తినేస్తుంది. మనుషులకు ఛాతీ పట్టేసేది ఎండ నెత్తికెక్కిన వేళే.

ఆ వేసవిలో ఆవిడకు అప్పజెప్పిన పని ఒక కంప్యూటర్ మోడల్‌ను పరీక్షించడం. గాలి వాటం, ఎండ, ఊళ్ళోని పొగా ఆవిరీ దానికి అందిస్తే, ఏ పేటలో ఓజోన్ ఎంత ఉంటుందో చెబుతుంది. కిందటేడు కొలిచిన అంకెలతో అది సరిపోతే నమ్మొచ్చు. పెట్రోల్ బంకుల్లో ఆవిరిని పట్టే గొట్టాలు బిగిస్తే చాలు, ఓజోన్ హద్దులోకి వస్తుందని మోడల్ అంటోంది. సరాసరి చూస్తే లెక్క భేషుగ్గా కుదిరింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

ఎండక్క అలవాటు కొద్దీ రాత్రి గంటలన్నీ తీసి పక్కన పెట్టింది. రాత్రిళ్ళు ఓజోన్ ఉండేదే అంతంతమాత్రం. లేనిదాన్ని లేదని చెప్పడం ఏం గొప్ప? ఉత్త మధ్యాహ్నాలు మిగిలేసరికి మోడల్ బండారం బయటపడింది. అసలు కొలత కన్నా అది బాగా తక్కువ చెబుతోంది. అదీ పాత బస్ డిపో వైపు నుంచి గాలి వీచిన రోజుల్లోనే.

డిపో వెనక ఏముందో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. కార్లకు రంగు కొట్టే షెడ్లు, బారుగా. లైసెన్సు ఉన్నవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మోడల్‌కు తెలిసింది ఆ కాసినే. లైసెన్సు లేనివాటిలో బావది ఒకటి. అమ్మా నాన్నా పోయాక ఆవిడను పెంచింది అక్కా బావే. సొట్టలు పూడ్చే పుట్టీ మీద అరచెయ్యి ఆనించి ఎత్తుపల్లాలు పట్టడం బావ దగ్గరే నేర్చుకుంది. ఆ చేత్తోనే తర్వాత పరికరాలు బాగుచెయ్యడం, అక్కడినుంచి ఈ లెక్కలూ పట్టుబడ్డాయి.

పై అధికారి నెమ్మదైన మనిషి. అంతా విని, ఊహ మీద రూలు పెట్టలేం, ఒక్క షెడ్డులోనైనా కొలిచి తెమ్మన్నాడు. నిజమని తేలితే ఆవిరిని వడగట్టే గది కట్టుకోలేని షెడ్లు మూతపడతాయని కూడా ఆయనే అన్నాడు. బావ షెడ్డులో గది కాదు కదా, ఇంకో కారు పట్టే చోటు లేదు.

ఆవిడ కొన్నాళ్ళు నాన్చింది. సరాసరి బాగుందని సంతకం పెడితే అడిగేవాడు లేడు. కానీ డిపో మీదుగా గాలి వీచినప్పుడల్లా చెయ్యి కలం మీదికి పోయేది కాదు. ఆఫీసు జీపు కనబడితే ఆ సందులో షట్టర్లన్నీ పడిపోతాయి. రానిచ్చేది బావ ఒక్కడే.

చేతిలో కొలిచే పెట్టెతో వచ్చిన మరదల్ని చూసి బావ, “ఏంటి, మీ ఆఫీసులో గాలి అయిపోయిందా? ఇక్కణ్ణుంచి పట్టుకుపోతావా?” అన్నాడు. స్టూలు లాగి, పెట్టె ఎక్కడ తగిలించాలో అడిగి, మేకు కోసం తనే వెతకడం మొదలుపెట్టాడు. దేనికని అడగలేదు.

“బావా, ఆగు. ముందు నా మాట విను.”

అంతా చెప్పింది. ఇక్కడి కొలత మోడల్లోకి, మోడల్ మాట రూల్లోకి, ఆ రూలు తిరిగి ఈ షెడ్డు మీదికి ఎలా వస్తుందో దాచకుండా చెప్పింది. బావ కంప్రెసర్ ఆపేశాడు.

“వేరే షెడ్డు దొరకలేదా నీకు?”

“ఎవరు రానిస్తారు? నువ్వొద్దంటే వెళ్ళిపోతా.”

“వెళ్ళి ఏం రాస్తావ్?”

“మధ్యాహ్నాలు మోడల్ తప్పుతోంది, ఎందుకో తెలీదని రాస్తా.”

“తెలిసి కూడానా?”

బావ సగం రుద్దిన కారు తలుపు మీద అరచెయ్యి ఆనించాడు.

“ఇవాళ నేను చేసేది రుద్దుడు పని. ఏం ఆవిరొస్తుంది? పెట్టేదేదో రేపు పెట్టు, పైకోటు కొడతాను. థిన్నరంతా అప్పుడే లేస్తుంది. నామీద జాలితో తక్కువ కొలవకు,” అన్నాడు. మళ్ళీ తనే, “మీ అక్కకి మాత్రం నేను చెప్పను. నువ్వే చెప్పుకో,” అన్నాడు.

షెడ్డు వెనకున్న ఇంట్లో అక్క కుట్టు మిషను మీద, రంగు కొట్టేటప్పుడు ముఖానికి కట్టుకునే గుడ్డలు కుడుతోంది. చెబుతున్నంతసేపూ తలెత్తలేదు. చివరికి, “ఆయనకి ఇంకో పని రాదని నీకు తెలుసు కదే,” అంది. తెలుసక్కా అంది చెల్లెలు. అక్క మళ్ళీ మిషను తొక్కింది.

మర్నాడు బావ పైకోటు కొట్టాడు, ఆవిడ కొలిచింది. లైసెన్సు లేని షెడ్లన్నిటికీ ఆ లెక్కన ఆవిరి కలిపి మోడల్‌ను నడిపితే, మధ్యాహ్నం అంకెలు అసలు కొలతకు దగ్గరగా వచ్చాయి. బంకులొక్కటే చాలవని తేలిపోయింది. అలాగే రాసింది. ఒక్క షెడ్డు కొలత సరిపోదని, ఇంకొన్ని కొలవాలని, గదులు కట్టుకోవడానికి వాళ్ళకు గడువూ సాయమూ ఇవ్వాలని చివర చేర్చింది. అంతవరకూ ఎవరు చదువుతారో ఆవిడకు తెలీదు.

రిపోర్టు ఇచ్చి అక్కకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆ పూటకు సెలవు పెట్టి డిపో వైపు వెళ్ళే బస్సెక్కింది.