ఇసుక తిన్నె మీద మా అక్క

పోయిన వారం మా ఎదురింటాయన పెన్నూ కాగితమూ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. వీధి వాళ్ళంతా కలిసి అరుణాచలానికి బస్సు మాట్లాడుకుంటున్నారట, సీట్లు చూసుకోవాలట. "మీ ఫ్యామిలీ ఎంతమంది రాసుకోమంటారమ్మా?" అని అడిగాడు. పాపం, ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. నరసరావుపేటలో ఏ వీధిలోనైనా అలాగే అడుగుతారు. కానీ ఆ మాట చెవిన పడేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఫ్యామిలీలను కాదు, మనుషుల్ని రాసుకోండి. పేరు పేరునా రాసుకోండి" అని వీధంతా వినపడేటట్టు కేకలేశాను. ఆయన బిత్తరపోయి, తర్వాత మా ఆయన్ను పక్కకు పిలిచి, మీ ఆవిడకు బీపీ ఏమన్నా ఉందా అని అడిగాడట. బీపీ ఉంది, మాత్ర కూడా వేసుకుంటున్నాను, అది వేరే సంగతి. ఈ కోపం మాత్రం నాలుగేళ్ళ కిందట, అచ్చంపేట అవతల, కృష్ణ మధ్యలో ఒక ఇసుక తిన్నె దగ్గర మొదలైంది.

ఆ ఏడు ఎండలు ముదరకముందే మా అన్నయ్య కూతురు ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని పుట్టింటికి వచ్చింది. ఫోన్లో ఎవరో పెట్టిన వీడియో చూసిందట. నది నడుమ తెల్లటి ఇసుక, చుట్టూ మోకాలి లోతు నీళ్ళు, అందులో పిల్లలూ పెద్దలూ బోర్లా పడి కాళ్ళు కొడుతూ ఈదుతున్నారు. రేవులో ఇంజను పడవ ఎక్కించుకుని తీసుకెళ్ళి, రెండు గంటలు అక్కడ వదిలి, మళ్ళీ తీసుకొస్తారట. పడవ మన ఒక్కళ్ళ కోసం కదలదు, సీట్లు నిండాల్సిందే. మా మేనకోడలు ఒక మాట అనుకుందంటే అది జరిగేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించనివ్వదు. ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. అన్నయ్య కారులో అన్నయ్య, వదిన, కూతురు, పిల్లలు, వాళ్ళ మధ్యలో మా అక్క. మా ఆయన బండి మీద మేమిద్దరం. కారులో చోటు లేదన్నారు కాబట్టి నేను గంటన్నర బండి మీద గుంతలన్నీ లెక్కపెట్టుకుంటూ పోయాను. ఇది కూడా నాకు కోపమే గానీ చిన్న కోపం.

అక్క గురించి చెప్పాలి. మా ముగ్గురిలో పెద్దది. తనకు ఇరవై నాలుగేళ్ళప్పుడే బావ పోయాడు, పిల్లలు లేరు. శావల్యాపురం దగ్గర మా ఊళ్ళో రెండు గదుల ఇల్లుంది గానీ అందులో ఏడాదికి నాలుగు నెలలైనా ఉండనిచ్చామో లేదో. వదిన పురుడు, అక్కను పిలవండి. అన్నయ్య కొడుక్కి కామెర్లు, అక్కను పిలవండి. నాకు గర్భసంచి తీసేశారు, అక్క రాకపోతే ఎట్టా. అక్క ఒక వైరు బుట్ట పట్టుకుని బస్సు దిగేది. ఆ బుట్టలో రెండు చీరలు, పిన్నీసులు, పటికబెల్లం, వాము, ఎవరికి ఏం కావాలో అది. ఎవరికి కారం ఎక్కువ పట్టదో, ఎవరికి పాలు కాచేటప్పుడు మీగడ వాసన పడదో అన్నీ ఆవిడకే తెలుసు. పని అయ్యాక మళ్ళీ బుట్ట సర్దుకునేది. తనకంటూ ఫోను కూడా లేదు, ఎవరింట్లో ఉంటే వాళ్ళ ఫోనే. ముప్పయ్యేళ్ళు ఇట్లాగే గడిచిపోయాయి. అక్క మన మనిషే అని మేమందరం అనేవాళ్ళం. అంటే ఏమిటో ఒక్కళ్ళమూ ఆలోచించలేదు.

రేవులో పడవ సగం నిండి ఉంది. మాచర్ల నుంచి భార్యాభర్తలూ, వాళ్ళ పిల్లలిద్దరూ. కాలేజీ కుర్రాళ్ళు అయిదుగురు. మాతో కలిపి పదిహేడు మంది. ఈ పదిహేడు తర్వాత నేను కూర్చుని వేసిన లెక్క, ఆ రోజు పడవతను వేయలేదు. నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఒక్కొక్కళ్ళకీ విసిరి, "మీదొక ఫ్యామిలీ, మీదొక ఫ్యామిలీ, వీళ్ళదొక బ్యాచి" అని వేలితో చూపించి ఇంజను లాగాడు. అతనికి మనుషులు కనపడరు, మూటలు కనపడతాయి. అక్క జాకెట్ తొడుక్కుని, తాడు ఎట్లా ముడెయ్యాలో తెలియక నావైపు చూసింది. నేనే ముడేశాను. ఈత రాదు, నీళ్ళంటే చచ్చేంత భయం, అయినా పిల్లలు రమ్మన్నారని వచ్చింది.

తిన్నె మాత్రం ఎంత బాగుందో అబద్ధం చెప్పకూడదు. కాళ్ళ కింద ఇసుక మెత్తగా పిండిలా జారేది, నీళ్ళు అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి, పొద్దుటి ఎండకు పైపైన వెచ్చగా, కింద చల్లగా. ఒక చివర రెల్లు గుబురుగా పెరిగి ఉంది. జాకెట్లు విప్పి ఇసుకలో కుప్ప పోశాం. అప్పుడు మొదలైంది ఫోన్ల ఊరేగింపు. "అత్తా, ఇది పట్టుకో", "అక్కా, నాది కూడా". ఒక్కొక్కటీ వచ్చి అక్క బుట్టలో పడింది. నాది కూడా అక్కడే వేశాను. ఆవిడ మొహం చూస్తే ఎవరికైనా ఏదన్నా అప్పగించాలనిపిస్తుంది కాబోలు, మాచర్ల ఆవిడ కూడా వచ్చి, "పిన్నిగారూ, మావి రెండూ కాస్త చూస్తారా" అని తమ ఫోన్లు ఇచ్చింది. అందరం నీళ్ళలోకి దిగాం. అక్క ఏడు ఫోన్లూ ఒళ్ళో పెట్టుకుని ఒడ్డున కూర్చుంది.

గంట చూశాను. ఇక నా వల్ల కాలేదు. బుట్ట లాగి పక్కన పెట్టి చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి తీసుకొచ్చాను. మొదట మోకాళ్ళ దాకా, తర్వాత నడుం దాకా, ఆఖరికి కూర్చుంటే మెడ దాకా. అక్క నవ్వింది. మా చిన్నప్పుడు కాలవలో తువ్వాలుతో చేప పిల్లల్ని పట్టినప్పటి నవ్వు. "ఒసేయ్, ఇసక కాళ్ళ కింద నుంచి పోతా ఉందే, గిలిగింతలు పెడతన్నట్టుంది" అంది. అరగంట అట్లాగే కూర్చుంది. తర్వాత చీర మార్చుకుని వస్తానని బుట్ట తీసుకుని రెల్లు వెనక్కి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే పడవతని ఫోను మోగింది. పై డ్యాము నుంచి నీళ్ళు వదిలారట, తిన్నె మునుగుతుందట. "ఎక్కండి, ఎక్కండి. ఎవరి ఫ్యామిలీ వాళ్ళు చూసుకోండి" అని అరుస్తూ ఇంజను లాగాడు. అందరం జాకెట్లు దొరికినవి దొరికినట్టు తగిలించుకుని ఎక్కాం. "అయిందా? అందరూ ఎక్కినారా?" అన్నాడు. అన్నయ్య మనవణ్ణి ఎత్తుకుని, కూతురి వైపూ వదిన వైపూ చూసుకుని, "మావాళ్ళు ఎక్కారు" అన్నాడు. మా ఆయన నా మొహం చూసి, "మాదీ అయింది" అన్నాడు. మాచర్ల ఆయన చెయ్యి ఊపాడు. కుర్రాళ్ళు ఈల వేశారు. పడవ కదిలింది. అక్క తన చెల్లెలితో ఉందని అన్నయ్య అనుకున్నాడు. కారులో వచ్చింది కాబట్టి అన్నయ్య వాళ్ళతో ఉందని మా ఆయన అనుకున్నాడు. ఒక జాకెట్ మిగిలిపోయి ఉంది. దాన్ని వదిన నడుముకు ఆనించుకుని కూర్చుంది. నేనూ చూశాను. చూసి, నాకూ అట్లాంటిదొకటి దొరికితే నడుముకు హాయిగా ఉండును అనుకున్నాను. ఎవరి మీద అరిచినా ఈ ముక్క గుర్తొచ్చి నా నోరు నాకే చేదుగా అనిపిస్తుంది.

సగం దూరం వచ్చాక మా మేనకోడలు, "ఇక్కడ ఒక ఫొటో తీసుకుందాం, నా ఫోనేది?" అంది. "పెద్దత్త దగ్గర ఉంది గదా" అంది వదిన. "పెద్దత్త ఏదీ?" అప్పుడు వెనక్కి తిరిగి చూశాం. మనిషి లేదని కాదు, ఫోను లేదని వెతికాం. పడవలో ఆ చివర నుంచి ఈ చివర దాకా పదహారు మొహాలు.

మా మేనకోడలు పడవతని ఫోను లాక్కుని తన నంబరుకు చేసింది. చాలాసేపు మోగాక అక్క ఎత్తింది. ఇంజను మోతలో కూడా మా మేనకోడలు మొదటి మాట నాకు స్పష్టంగా వినపడింది. "అత్తా, ఫోన్లు తడవకుండా పైకి పట్టుకో." నేను దాని చేతిలోంచి ఫోను లాగేసుకున్నాను. పిల్లల ముందని ఆగాను గానీ లేకపోతే చెంప పగిలేది. "అక్కా, ఎక్కడున్నావే?" అన్నాను. "ఎత్తు మీదే నిలబడ్డాలే. నీళ్ళు మోకాళ్ళు దాటినయ్యి. కంగారేం లేదు గానీ కాస్త బిరీన రండే" అంది. ముప్పయ్యేళ్ళలో అక్క మమ్మల్ని బిరీన రమ్మనడం అదే మొదటిసారి.

పడవ తిప్పమన్నాను. మాచర్ల ఆయన లేచి, "పిల్లలున్నారమ్మా, ప్రవాహం పెరగతా ఉంది. ముందు మమ్మల్ని రేవులో దించి పొండి" అన్నాడు. సరే, ఆయన పరాయివాడు. మా అన్నయ్య ఏమన్నాడో వినండి. "అదీ నిజమేలే, ముందు పిల్లల్ని దించుదాం. పది నిమిషాలే గదా." నేను లేచి నిలబడ్డాను, పడవ ఊగింది. "వదిన అక్కడుంటే ఇట్టాగే పది నిమిషాలే అంటావా అన్నయ్యా? నీ ముగ్గురు పిల్లల పీతి గుడ్డలు ఉతికిన మనిషి అన్నయ్యా అది" అన్నాను. ఆయన తల వంచుకున్నాడు గానీ తిప్పమని మాత్రం అనలేదు. పడవతను అటూ ఇటూ చూస్తున్నాడు. అప్పుడు మాచర్ల ఆవిడ మెల్లగా మొగుడి చెయ్యి తట్టి, "ఏమండీ, మన ఫోన్లు కూడా ఆమె దగ్గరే ఉన్నయ్యి" అంది. ఆయన "అయితే తిప్పు" అన్నాడు. పడవ తిరిగింది. మా అక్క ప్రాణం కోసం తిరగని పడవ ఏడు ఫోన్ల కోసం తిరిగింది. నేను బల్ల అంచు పట్టుకుని, పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ఎదురు ప్రవాహంలో పడవ నత్తలా కదిలింది. తిన్నె ఎక్కడుందో తెలియలేదు, అంతా నీళ్ళే. రెల్లు కొసలు మాత్రం కనపడుతున్నాయి. వాటి పక్కన మా అక్క, నడుం పైదాకా నీళ్ళలో, నెత్తి మీద వైరు బుట్టను రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. సగం కట్టుకున్న పొడి చీర కూడా తడిసిపోయింది. దగ్గరకు రాగానే వదిన, "ఎక్కడికి పోయావు వదినా, పోయేటప్పుడు ఒక మాట చెప్పి పోవద్దూ?" అంది. చూశారా, తప్పు అక్కదయింది.

నేను చీరతోనే నీళ్ళలోకి దూకాను. ప్రవాహం కాళ్ళు లాగుతోంది. బుట్ట లాక్కుని ఆ దరిద్రాన్ని కృష్ణలో కలిపేద్దామని చెయ్యెత్తాను. అక్క వదల్లేదు. "ఏందే, ముప్పావు గంట మోసింది నువ్వు పారేయడానికా?" అంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. బుట్ట తనే జాగ్రత్తగా పడవలోకి అందించింది. ఎవరి ఫోను వాళ్ళు తీసుకున్నారు. మా మేనకోడలు తన ఫోను పమిటకు తుడిచి, వెలుగుతోందా లేదా అని చూసుకుంటోంది.

పడవతను చెయ్యి అందించాడు. అక్క పట్టుకోలేదు. "ఎక్కతాలే అబ్బాయ్. నీ కేక విని చీర చుట్టుకునేలోపే పోయినారు గదా, ఒక మాట చెప్పండి ముందు. ఇందాక ఫ్యామిలీల లెక్కన పిలిచినప్పుడు, నేను ఎవురి కింద ఎక్కాననుకున్నారు?" అంది. కోపంగా కాదు, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. అన్నయ్య మా ఆయన వైపు చూశాడు. మా ఆయన అన్నయ్య వైపు చూశాడు. నేను అక్క చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నాను. నా కింద అనాలి. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ మా ఆయన "మాదీ అయింది" అన్నప్పుడు నేను ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను, అవునని తల కూడా ఊపాను. ఆ తల ఊపడం గుర్తొచ్చి ఆ మాట అక్కడే మింగేశాను.

అక్క కొంచెంసేపు చూసింది. తర్వాత తనే పడవ అంచు పట్టుకుని, కుర్రాళ్ళు సాయం పడితే పైకెక్కి, ఆ మిగిలిన జాకెట్ వదిన నడుం దగ్గర నుంచి తీసుకుని తొడుక్కుంది. తాడు ఈసారి తనే ముడేసుకుంది. పడవతను ఇంజను లాగబోతూ, భయం భయంగా, "అందరూ ఎక్కినట్టేనా?" అన్నాడు.

"మా ఫ్యామిలీ ఎక్కింది. ఒకదాన్నే" అంది అక్క.

ఆ తర్వాత అన్నయ్య ఇంట్లో దిగలేదు, నా ఇంటికీ రాలేదు. తడి చీరతోనే బస్సెక్కి శావల్యాపురం వెళ్ళిపోయింది. ఇప్పుడు కబురు పెడితే వస్తుంది, కానీ తను వస్తానన్న రోజు వస్తుంది, వెళ్తానన్న రోజు వెళ్తుంది. నాతో బాగానే మాట్లాడుతుంది. ఆ రోజు సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తదు, నేనూ ఎత్తలేను. అక్క అడిగాక, తనే పడవ ఎక్కేలోపు, నేను నోరు తెరవాల్సిన సమయం అర నిమిషం ఉంటుందేమో. అన్నయ్య మీద కోపం తగ్గింది, వదిన మీదా తగ్గింది, పడవతని మొహం కూడా మర్చిపోయాను. ఆ అర నిమిషం మాత్రం నాలుగేళ్ళయినా ఇంకా పూర్తి కాలేదు.