రేవులో క్యారేజీ పట్టుకున్న మనిషి

రాహేలు టీచరు బళ్ళో పాఠం చెప్పదనీ, గోడకి ఒక బొమ్మ తగిలించి చేతులు కట్టుకు కూర్చుంటుందనీ రాజోలు పక్కనున్న మా ఊళ్ళో ఒక మాట పుట్టింది. ఏ మాట పుట్టినా మా గుమ్మంలో ఆగకుండా పోదు కనుక, ఉన్నది ఉన్నట్టు నేనే చెప్పాలి.

బొమ్మ మాట నిజం. సోమవారం మొదటి గంటలో తగిలిస్తుంది. కూర్చోవడం మాత్రం అబద్ధం. ఆ గంటంతా ఆవిడ నిలబడే ఉంటుంది.

రాహేలు మా ఎదురింటి స్టీఫెన్ భార్య. పుట్టిల్లు అమలాపురం. వాళ్ళ నాన్న ప్రకాశరావుగారు కొట్లకి బోర్డులు రాసేవారు. మిగిలిన రంగులతో పాత రేకుల మీద బొమ్మలు వేసుకునేవారు. ఆయన పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే, ఈవిడ ఒక రేకు తెచ్చుకుంది. బడికి పట్టుకెళ్ళేది అదే.

పాఠం చెప్పదన్న మాట విని కొబ్బరి వ్యాపారం గంగరాజు తన కూతురు హారికని ప్రైవేటు బళ్ళో వేస్తానన్నాడు. ఆయన వెనకే ఇంకొందరు. పిల్లలు తగ్గితే ఆ తరగతిని పక్క ఊరి బళ్ళో కలిపేస్తారు. రాహేలు ఆ వారమంతా మా అరుగు మీదికి రాలేదు. నాకేమీ తోచలేదు. సోమవారం గంగరాజు టీసీ కోసం బయల్దేరాడని తెలిసి, నేనూ వెనకాలే వెళ్ళాను.

మేం వెళ్ళేసరికి గోడకి బొమ్మ తగిలించి ఉంది. అందులో ఒక రేవు. నది మధ్యలో పడవ. ఒడ్డున ఒకావిడ, చేతిలో టిఫిన్ క్యారేజీ.

“మొగుణ్ణి సాగనంపుతోందండీ,” అంటున్నాడు చిన్నా అనే కుర్రాడు.

“ఏం చూసి అలా అనిపించింది?” అంది రాహేలు.

“పడవ దూరం వెళ్ళిపోయిందండీ.”

“సాగనంపితే క్యారేజీ ఇచ్చేసేది కదండీ,” అంది పక్క బెంచీలో శారోన్ అనే పిల్ల. “ఆయన మర్చిపోయేడు.”

“మర్చిపోతే కేకెయ్యాలి. నీలాగా నోరుంటే వేసేదే,” అన్నాడు చిన్నా.

గంగరాజుకి ఓపిక పోయింది. “దీనికింత చర్చేంటండీ టీచరుగారూ? అది వాడపల్లి రేవు. ఆవిడ స్వామి దర్శనానికి వచ్చింది. అయిపోయింది. టీసీ ఇప్పించండి.”

హారిక లేచి నిలబడింది. “ఏం చూసి అంటున్నారు నాన్నా?”

ఎదురు చెప్పినట్టు కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

తరగతంతా గంగరాజు వైపు తిరిగింది. ఆయన బొమ్మలో గుడి కోసం వెతికాడు. లేదు. మెట్ల కోసం వెతికాడు. అవీ లేవు. దగ్గరికెళ్ళి వంగాడు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. రాహేలు తొందరపెట్టలేదు.

“చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయమ్మా,” అన్నాడు చివరికి, కూతురితో. “నీళ్ళలోకి దిగినట్టుంది. పడవ అందలేదు.”

“మరి వాడపల్లేనా నాన్నా?”

“ఏమో. ఏ ఊరైనా అవ్వొచ్చు.”

టీసీ మాట మరి ఎత్తలేదు. గుమ్మం దగ్గర ఆగి, “వచ్చే సోమవారం ఏ బొమ్మండీ?” అన్నాడు.

“ఇదేనండీ. ఇంకా అవ్వలేదు కదా.”

సాయంత్రం రాహేలు మా అరుగు మీదికొచ్చి కూర్చుంది. ఇక నేను ఉండబట్టలేక అడిగేశాను.

“అంతా బాగానే ఉందమ్మా. ఇంతకీ మీ నాన్నగారు ఏమనుకుని వేసేరు? ఆవిడెవరు, ఏ ఊరు, ఎవరి తాలూకు?”

“చిన్నప్పుడు నేనూ అడిగేనండీ పిన్నిగారూ. కుంచె కడుక్కుంటూ, ‘నువ్వు చెప్పు తల్లీ’ అన్నారు.” నవ్వింది. “ఇంకా చూస్తున్నానండీ.”