పింగాణీ దూడ

మా అవ్వ యల్లక్క పెనుకొండలో పాలమ్మి బతికింది. నోరు మహా చెడ్డది. పాలు పల్చగా ఉన్నాయని ఎవరన్నా అంటే, చెంబెడు పాలూ వాళ్ల గుమ్మంలోనే కుమ్మరించి "చూసుకోండి" అని వచ్చేసే రకం. అలాంటి మనిషి ఒక బొమ్మకు భయపడిందంటే నేనూ నమ్మేదాన్ని కాదు, ఆ కథలో నేను లేకపోతే.

నేను పుట్టింది యాభై ఏడులో. నన్ను కని మా అమ్మ పోయింది. ఇంట్లో ఉన్నది ఒక్క ఆవు. దాని దూడ కూడా ఆ వారమే గాలికుంటు తగిలి చచ్చింది. దూడ లేకపోతే ఆవు చేపదు, పాలు పొదుగులోనే బిగబట్టుకుంటుంది. అందుకని చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెడతారు. రోగం దూడ కాబట్టి తోలు తియ్యకుండా పూడ్చిపెట్టమన్నారు. నాకు పాలు లేకుండా పోయాయి.

అవ్వ దగ్గర పాలు పోయించుకునే బంగళా వంటవాడు ఖాజాసాబ్, దొరల కాలంనాటి పింగాణీ సామాను సర్దుతూ అవ్వకొక పాలచెంబు ఇచ్చాడు. జానెడు దూడ ఆకారం. వీపు మీద మూత, పట్టుకోవడానికి తోక. వంచితే నోట్లోంచి పాలు కారతాయి.

"పాలు దొరికితే బిడ్డకు పొయ్యను పనికొస్తాది, తీసుకో యల్లక్కా" అన్నాడు.

"పాలు కక్కే దూడ యాడన్నా ఉండాదా సాబూ? ఇంటికి మంచిదేనా ఇది?" అని సణుగుతూనే తెచ్చింది. వంటింట్లోకి మాత్రం రానివ్వలేదు, ఆవును కట్టేసే కొట్టంలో గూట్లో పెట్టింది.

సాయంత్రం ఆశ లేకుండానే పాలకు కూర్చుంది. ఆవు మెడ చాచి గూట్లో బొమ్మను వాసన చూసింది. నాకింది. చేపింది. పాలు సర్రుసర్రున తపేలాలో పడ్డాయంట.

మర్నాడు ఖాజాసాబ్‌ను నిలదీసింది. "జానెడు బొమ్మను చూసి దూడనుకుంటాదా? దానికి కండ్లు లేవా?"

"కోపం చేసుకోవద్దు యల్లక్కా. ఈ తెల్ల పింగాణీలో ఎద్దులవీ ఆవులవీ ఎముకలు కాల్చిన బూడిద కలుపుతారంట. దొరసాని చెప్పినాది. నీ ఆవుకు ఏ వాసన తగిలిందో ఏమో."

అవ్వ ఇంటికొచ్చి తలకు పోసుకుంది. బొమ్మను మాత్రం గూట్లోంచి తియ్యలేదు. తీస్తే నేను బతకను.

రోజూ తెల్లారి కొట్టంలోకి పోతే బొమ్మ తడిగా, పట్టుకుంటే వెచ్చగా ఉండేదంట. మేతకు తోలిన ఆవు మధ్యాహ్నానికే తిరిగొచ్చి గూటి కింద నిలబడేది. నాకగా నాకగా బొమ్మ కళ్లకు వేసిన రంగు పోయింది. ఆ తర్వాత అవ్వ దాని వైపు చూడకుండా పాలు పితికేది. చూస్తే అదీ చూస్తున్నట్టుండేదంట.

నేను కూర్చోవడం నేర్చాక ఒకనాడు, ఆవు నాలుక విసురుకు బొమ్మ కిందపడి ముక్కలైంది. ఆ ముక్కలు వాసన చూసి ఆవు పెట్టిన అరుపుకు వీధంతా బయటికొచ్చింది. ఆ పూట చుక్క పాలు లేవు. మర్నాడూ లేవు. రాగిజావ పోస్తే కక్కేశాను. నా ఏడుపు కూడా సన్నగిల్లిపోయింది.

అవ్వ నన్ను ఎత్తుకుపోయి ఆవు ముందు గడ్డిలో కూర్చోబెట్టింది.

ఆవు నన్ను వాసన చూసింది. నెత్తి నుంచి మెడదాకా నాకింది. ఆ గరుకు నాలుకకు నేను ఏడవాలి కదా, నవ్వానంట. ఆవు చేపింది.

తపేలా నిండాక నన్ను ఎత్తుకోబోతే ఆవు కొమ్ములు వంచింది. తన చేత్తో పెంచిన ఆవు. "ఏమే, అది నా బిడ్డే!" అని అవ్వ గొంతు చించుకుని, కట్టెతో అదిలించి నన్ను లాక్కుంది. అవ్వ భుజం మీంచి నేను వెనక్కి చేతులు చాపి మొట్టమొదటిసారి "అమ్మా" అన్నాను. ఆవు బదులు పలికింది.

"నా గుండె పగిలిపోయినాది పాపా" అనేది అవ్వ. ఆ రాత్రంతా నన్ను గట్టిగా హత్తుకుని ఏడ్చిందంట.

తెల్లారి నాకు ఆకలైంది. అవ్వ నన్ను తీసుకుపోయి మళ్లీ దాని ముందే కూర్చోబెట్టింది.