పది నిమిషాలు ముందున్న గడియారం

2022. మల్కాపురం వైపు ఒక చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. అక్కడ నర్సులందరిదీ ఒకటే పాస్‌వర్డ్. ఎవరు ఏ మందు నమోదు చేశారో దేవుడికే తెలియాలి. అందుకని సెంట్రల్ లాగిన్ పెట్టాను. అంటే ఎవరి పాస్‌వర్డ్ వాళ్లదే. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా ఒకే సర్వర్ మనిషిని గుర్తుపట్టి అనుమతిస్తుంది.

ఆదివారం అన్ని వార్డుల్లోనూ పరీక్షించాను, ఐసీయూలో తప్ప. అక్కడివి దూరం నుంచే సెట్ చేశాను. రోగులున్నారు, లోపలికి వద్దన్నారు. హమ్మయ్య, ఒక పని తగ్గిందనుకున్నాను.

సోమవారం ఉదయం డ్యూటీ మారగానే ఐసీయూ నుంచి ఫోన్. అక్కడి రెండు కంప్యూటర్లూ ఎవరి పాస్‌వర్డూ తీసుకోవడం లేదు. రోగుల కేసు షీట్లు తెరుచుకునేది ఆ రెండింటిలోనే.

పరుగెత్తాను. జాలరిపేట నుంచి వచ్చిన ఒకాయన ఒళ్లు తెలియని జ్వరంతో ఉన్నాడు. వెంటనే యాంటీబయాటిక్ మార్చాలి. ఆయనకు ఏదో ఇంజెక్షన్ పడదని రాత్రి నర్సు కంప్యూటర్‌లో ఎక్కించి ఇంటికెళ్లిపోయింది. ఆమె ఫోన్ ఎత్తడం లేదు.

తలుపు దగ్గర ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "ఒక సూది పడదని సెప్పినాను బాబూ. పేరు నాకేటి తెలుసు? చీటీ ఆ సిస్టర్‌కే ఇచ్చీసినాను."

"పది నిమిషాలు చూస్తాను. తర్వాత ఏదో ఒకటి ఇవ్వక తప్పదు," అన్నారు డాక్టరుగారు. నర్సు అప్పటికే సిరంజి సిద్ధం చేస్తోంది.

మనిషి పోతే నా వల్లే పోతాడు. సర్వర్‌తో పనిలేని అడ్మిన్ అకౌంట్‌తో మెషిన్ తెరిచాను. కేసు షీట్ మాత్రం రాలేదు. తప్పులు నమోదయ్యే లాగ్ చూస్తే, గడియారం తేడా అని ఉంది. సర్వర్ టైముకీ మెషిన్ టైముకీ ఐదు నిమిషాలు మించి తేడా ఉంటే, సరైన పాస్‌వర్డ్ కొట్టినా సర్వర్ నమ్మదు.

"ఈ టైము ఎవరు మార్చారు?"

"నానే," అంది హెడ్ సిస్టర్. "అందరూ డ్యూటీకి లేటుగా వస్తన్నారని పది నిమిషాలు ముందుకెట్టాను. ఏటి, తప్పా?"

వెంటనే టైము సరిచేశాను. నర్సు లాగిన్ అయింది. షీట్ మీద ఎర్ర అక్షరాల్లో ఒక మందు పేరు. నర్సు దాన్ని చదివి, చేతిలోని సిరంజిని మెల్లగా ట్రేలో పెట్టేసింది.

డాక్టరుగారు వేరే మందు రాశారు. జాలరిపేట ఆయన బతికాడు.

హెడ్ సిస్టర్‌ను తప్పుపట్టి లాభం లేదు. గడియారం ఆవిడ మార్చినా, చూడకుండా తాళం బిగించినవాణ్ణి నేను. దొంగ రాకూడదని వేసిన ఆ తాళం, ఇంటివాళ్లనే బయట నిలబెట్టింది. ఇప్పుడు ఎక్కడికెళ్లినా మెషిన్ల కన్నా ముందు వాటితో పనిచేసేవాళ్లను పలకరిస్తాను. ప్రాణాల మీదికొచ్చే సంగతి కాగితం మీద కూడా ఉండాలని పట్టుబడతాను. అతి జాగ్రత్త అని నవ్వుతారు. వాళ్లు ఆ సిరంజిని చూడలేదు.