బంతి మీద ఎనిమిదో సంతకం

కరోనాకు ముందు ఏడాది ఫిబ్రవరిలో ఇల్లందు బొగ్గుగని కార్మికుల క్లబ్ ఒకటి పాత వాలీబాల్‌ను నా పరీక్షకు పంపింది. అప్పట్లో నేను ఖమ్మంలో ప్రైవేటుగా సంతకాలు పరీక్షించేవాణ్ణి. వీలునామాలు, భూమి కాగితాలే తప్ప బంతిని పరీక్షించడం అదే మొదలు.

పాతికేళ్ల కిందట కప్పు గెలిచిన రోజు ఆటగాళ్లు దాని మీద సంతకాలు చేశారు. వాళ్ల పేర్లతో క్లబ్బు ఒక బోర్డు పెట్టబోతోంది. ఎనిమిదో సంతకం దానియేలుది. ఆయన చనిపోయాడు, కప్పు ఫోటోలో లేడు. ఆడాడా లేదా అన్నదాని మీద మిగిలినవాళ్లది తలో మాట. కెప్టెన్ రాజయ్య గుర్తులేదనేవాడు. బంతి తెచ్చిన కార్యదర్శి, దానియేలు కూతురు మేరీ నా ముందే వాదించుకున్నారు.

"మీ నాయన ఫోటోల లేడమ్మా. సంతకం అసలుదైతెనే బోర్డుకెక్కిస్తం."

"ఆడనోని పేరు బంతిమీదికి ఎగిరొచ్చిందా అన్నా?"

బ్యాంకు కాగితాల మీది దానియేలు సంతకాలు నిదానంగా చేసినవి, పోలికకు పనికిరావు. గని హాజరు పుస్తకమైన మస్టర్‌లోని హడావుడి సంతకాల నకళ్లు తెప్పించాను. బంతి మీద రాసేవాడు చేతికి బదులు బంతిని తిప్పుతాడు, కుట్టు దగ్గర కలం ఎత్తుతాడు. ఆ తేడాలు మినహాయించినా అక్షరాల వాలు కుదరలేదు. దానియేలు సంతకం కాదని రాసిచ్చాను.

మేరీ నివేదిక మడిచి, "మరి ఎవరు రాసిన్రు సార్?" అంది.

ఆ ప్రశ్న నేను వేసుకోవలసింది. బంతిని మళ్లీ భూతద్దం కింద పెట్టాను. ఎనిమిదో సంతకం వాలు అదే బంతి మీది కెప్టెన్ సంతకం వాలుతో కలిసింది. వేరే పోటీలకు ఆయన ఆటగాళ్ల పేర్లు రాసిన పాత జట్టు చీటీలు కూడా తెప్పించి చూశాను. ఎనిమిదో సంతకం రాజయ్య చేతిది.

ఆయన కొత్తగూడెంలో కొడుకు క్వార్టర్‌లో ఉంటున్నాడు. కార్యదర్శి, మేరీ, నేను ముగ్గురం వెళ్లాం. చాలాసేపు మాట దాటవేశాడు. మస్టర్‌లో ఒకరి సంతకం మరొకరు చేస్తే ఉద్యోగం పోయే నేరం. ఆ భయం ఇంకా వదల్లేదు.

"ఆట అయిపోంగనే దానియేలు సెకండ్ షిఫ్టుకు ఉరికిండు. ఆఖరి పాయింట్ కొట్టింది వాడే. పేరు లేకుంటె ఎట్లని నేనే గీకిన. బయటపడితె పింఛను పోతదని నోరిప్పలే."

"బంతిమీది సంతకానికి చార్జిషీటు ఎవరిస్తరు బాబాయ్? గీ మాట కాగితం మీద రాసియ్యి," అంది మేరీ.

రాజయ్య రాసిచ్చాడు. కార్యదర్శి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఎనిమిదో పేరు రాయించడానికి ఒప్పుకున్నాడు.

నా మొదటి నివేదికలో తప్పు లేదు. అడిగినంత వరకే జవాబిచ్చి అది ఆగిపోయింది. ఆ తర్వాత ఏ సంతకం అసలుది కాదని తేలినా, అది ఎవరి చేతిదో వెతకకుండా నివేదిక ఇవ్వలేదు.