ధూపం కాదు, దూప

పోయిన సోమవారం మధ్యాహ్నం మా మేనత్త కన్నుమూసింది. వరంగల్ సుబేదారిలో ఆమె ఇంటికి నేను చేరేసరికి వాకిట్లో జనం. ఎవరో నాకు నీళ్లచెంబు అందించారు. ఆ ఇంట్లో అది అందించవలసిన మనిషి లోపల పడుకుని ఉంది.

తగవు పెట్టుకోవడానికి వచ్చినవాళ్లకైనా అత్త ముందు నీళ్లే ఇచ్చేది. "ముందుగాల తాగుర్రి, ఆనక కొట్లాడుదురు గని" అనేది. సగంమంది తాగి, వచ్చిన పని మరిచి, కూర్చుని ముచ్చట్లు చెప్పేవాళ్లు.

నా చిన్నప్పుడు సెలవులన్నీ ఆమె దగ్గరే. అత్తకు చదవడం వచ్చు. వాళ్లన్న, అంటే మా నాన్న, నేర్పాడట. వరంగల్‌లోనే అచ్చయిన పలుచటి కథల పుస్తకం ఒకటి ఉండేది, ఒక్క బొమ్మ కూడా లేనిది. అందులో ఒక రాకుమారి అడవిలో తప్పిపోతుంది. ఆమె తొంగిచూసిన ప్రతి బావీ ఎండిపోతుంది. "దూపైతాంది" అని ఏడుస్తుంటే ఒక రాక్షసి వచ్చి దోసిట నీళ్లు పోస్తుంది. మా వైపు దూప అంటే దాహం. అత్త మాత్రం రాక్షసి అనకుండా "ఆ పెద్దామె" అని చదివేది.

"నీకు భయమైతలేదా అత్తా?"

"నీళ్లు పోసినామెను జూసి భయమెందుకే, పిచ్చిదానా!"

తర్వాత పట్నంలో కాలేజీ చదువులు చదివాను. మనుషులను మంచివాళ్లనీ చెడ్డవాళ్లనీ చప్పున తేల్చలేకపోవడం మాత్రం నాకు ఆ పుస్తకం దగ్గరే అబ్బిందేమో. కచ్చితంగా చెప్పలేను.

ప్రపంచ యుద్ధం ముగిసి కాగితం మళ్లీ దొరుకుతున్నందుకేమో, ఈ ఎండాకాలం ఆ పుస్తకం రంగుల బొమ్మలతో కొత్తగా అచ్చయి మద్రాసు నుంచి వచ్చింది. కొని అత్త దగ్గరికి తీసుకుపోయాను. అప్పటికే ఆమె ఒళ్లంతా నీరు పట్టింది. దవాఖాన డాక్టరు, నోరు తడుపుకోవడానికి తప్ప నీళ్లు ఇవ్వొద్దన్నాడు. చూపు ఆనకపోవడంతో నన్ను చదవమంది. చదువుతుంటే ముందు ఏ పుట రాబోతోందో గుర్తొచ్చింది. నాలుక ఎండిపోయిన మనిషికి దాహం కథ ఎలా వినిపించడం? రెండు పుటలు కలిపి తిప్పేశాను.

"ఏందే, దూప కాడికి రాంగనే ఉరుకుతానవ్?" అంది అత్త, కళ్లు మూసుకునే.

వెనక్కి తిప్పాను. చూస్తే అక్కడ దూప లేదు. మద్రాసులో దిద్దినవాళ్లు ఎవరో అచ్చుతప్పు అనుకుని దాన్ని ధూపం చేశారు. బొమ్మ వేసినాయన ఆ మాటే నమ్మాడు. రాకుమారి చేతులు చాచి ధూపం అడుగుతోంది. ఎదురుగా కోరల రాక్షసి, చేతిలో పొగలు కక్కుతున్న సాంబ్రాణి గిన్నె. ఉన్నదున్నట్టు చెప్పాను.

అత్త ఆయాసం వచ్చేదాకా నవ్వింది. "ఓయమ్మ! గొంతెండిన పోరికి పొగ పెట్టిన్రా! పెద్దామె గసొంటి పని జెయ్యదే." నవ్వు ఆగాక చెయ్యి చాచింది. "నువ్వు గూడ పొగే పెడుతవా, జర నీళ్లిస్తవా?"

"డాక్టరు వద్దన్నడు గదత్తా."

"ఆయనకు నేను జెప్పుకుంట. నువ్వు ఫికర్ జెయ్యకు, తే."

సగం గ్లాసు ఆమె పెదవులకు పట్టాను. తప్పో ఒప్పో ఇప్పటికీ నాకు తేలలేదు. ఆ తర్వాత ఆమె కొన్ని వారాలు బతికిందని నాకు నేను చెప్పుకుంటాను. ఇంకా బతికేదేమో అని మరుక్షణమే అనిపిస్తుంది. కానీ ఆ గుటకలు ఎంత నెమ్మదిగా, ఎంత ఇష్టంగా దిగాయో చూసినదాన్ని నేనే.

తాగాక తడి వేళ్లతో పుస్తకం తడిమింది. "ఏడున్నదే పోరి?" అంది. ఆమె వేలు పట్టి బొమ్మలో పెదవుల మీద పెట్టాను. "ఇగో, నువ్వు గూడ తాగు బిడ్డా" అంటూ రాకుమారి నోటికి తడి రాసింది. ఎర్ర రంగు కాస్త కరిగి పెదవి కింద గదువ మీదికి జారింది. ఆరాక ఆ చోట కాగితం చిన్నగా ఉబ్బి ఉంది, నీళ్లు పుక్కిటపట్టిన చెంపలాగా.