కమ్మీ సాగేది చూడాలని

కాశీకి పోదామని మారెక్క అన్నప్పుడల్లా ఆమె మొగుడు ఎర్రిస్వామిది ఒకటే మాట: "పోదాంలేమ్మే. ముందు హైదరాబాదులో ఆ ల్యాబు చూడనీ."

ఎర్రిస్వామి యాడికి ఊరి పక్కన సిమెంటు ఫ్యాక్టరీ కరెంటు ప్లాంటులో బాయిలరు ఫిట్టరు. ఆ పిచ్చి పట్టించింది జయంతి మేడం. తొమ్మిదేండ్ల కిందట బాయిలరు తనిఖీకి వచ్చిన లోహాల నిపుణురాలు. ఆవిరి గొట్టాలు కొలుస్తూ, పక్కనే సాయంగా ఉన్న ఎర్రిస్వామికి మాటల్లో చెప్పింది.

"ఐదారు వందల డిగ్రీల వేడిలో బరువు వదలకుండా పెడితే ఉక్కు కూడా ఏండ్ల మీద కొంచెం కొంచెంగా సాగుతుంది. క్రోమియం, మాలిబ్డినం కలిపితే తగ్గుతుంది గానీ ఆగదు. మా ల్యాబులో ఒక కమ్మీ కొలిమిలో బరువుకు వేలాడుతూ ఆరేండ్లుగా సాగుతోంది."

"ఆరేండ్లా! తెగలేదా మేడం?"

"లేదు. ఎప్పుడన్నా రండి, చూపిస్తా."

ఆమె మర్చిపోయిందేమో గానీ ఎర్రిస్వామి మర్చిపోలేదు. వేరుశెనగ బుడ్డల చేన్లో కలుపు తీస్తాన్నా ఆ కమ్మీయే తలపుకొచ్చేది. ఇంకా వేలాడతాందో, తెగిపోయిందో! ప్లాంటు ఆపిన ప్రతిసారీ, ఎవరూ చెప్పకున్నా, గొట్టాలు కొలిచి జేబు పుస్తకంలో రాసుకునేవాడు.

పోయిన ఎండాకాలం పదకొండో గొట్టం లావు ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల నుంచి ముప్పై తొమ్మిది దాటింది. ఇంజనీరు ఉదయ్ కుమార్ దగ్గరికి పరిగెత్తినాడు.

"సార్, ఇది ఉబ్బుతాంది. మళ్లీ మంట పెడితే పగుల్తాది."

"బాగానే ఉండాదే స్వామన్నా?"

"కంటికి కనపడదు సార్. కొలిచి చూడండి."

ఉదయ్ కుమార్ కొలిచినాడు. పుస్తకం తిరగేసినాడు. గొట్టం కోయిస్తే లోపలంతా సన్నని చీలికలు! ముక్కను హైదరాబాదులో జయంతి మేడం ల్యాబుకే పరీక్షకు పంపాలన్నారు పైవాళ్లు.

"కనిపెట్టింది నువ్వు. నాతో రా అన్నా," అన్నాడు ఉదయ్ కుమార్.

ఎర్రిస్వామి కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. బయలుదేరే పొద్దున తెలిసింది, ఇంకో నాలుగు గొట్టాలు ఉబ్బినాయని. ఆ ఇరుకు సందులో దూరి కొత్తవి బిగించడం అతనొక్కడికే చేతనౌతాది.

"మీరు పోండి సార్," అన్నాడు. జీపు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడినాడు.

మర్నాడు మధ్యాహ్నం బాయిలరు పైన ఉండగా ఉదయ్ కుమార్ నుంచి వీడియో కాల్ వచ్చింది. పక్కన జయంతి మేడం, తల సగం నెరిసింది.

"ఎర్రిస్వామి గారూ, మన కమ్మీ ఇంకా వేలాడుతోంది. పదిహేనో ఏడు!" అని నిలువు కొలిమి చూపించింది. దాని పక్కన, కమ్మీ ఎంత సాగిందో చూపే ముల్లున్న డయలు.

"కమ్మీ కనపడదా మేడం?"

"తలుపు తీస్తే వేడి మారిపోతుంది. పరీక్ష చెడిపోతుందండీ."

"ఒక్క నిమిషం తీయలేమా మేడం? ఎన్నేండ్ల నుంచో ఆశపడతాండాడు," అన్నాడు ఉదయ్ కుమార్.

"వద్దు సార్!" ఎర్రిస్వామి గట్టిగా అరిచినాడు. "పదిహేనేండ్ల పని. తీయొద్దండి." "ఆ ముల్లు కాడ్నే కొంచేపు పట్టుకోండి ఫోను."

ముల్లు కదల్లేదు.

"సాగుతాంది కదా మేడం?"

"సాగుతూనే ఉంటుంది."

కింద నుంచి వెల్డరు రెండుసార్లు కేకేసినా అతను చూపు మరల్చలేదు. మూడోసారికి ఫోను జేబులో పెట్టుకొని, చేతి తొడుగులు వేసుకొని, చివరి గొట్టం బిగించను లోపలికి దూరినాడు.